చిటికెడు భయం

ముప్పై ఒక్క ఏళ్లు నర్సమ్మగా పనిచేశాను. డాక్టర్లు రాసిన మాత్రలు ఊళ్లోకి మోసుకుపోయి మింగించడం నా ఉద్యోగం. ఆ మాత్రలకు నేను సొంతంగా కలిపే దినుసు ఒకటుండేది. అది ఏ చీటీ మీదా రాసి ఉండదు. చిటికెడు భయం. సూది వేయించకపోతే కాలు పడిపోతుందంటే తప్ప తల్లి పిల్లను నా చేతికివ్వదు. రక్తం మాత్ర మింగకపోతే కాన్పు బల్ల మీదే పోతావంటే తప్ప కడుపుతో ఉన్న పిల్ల మింగదు. మొదట్లో మెల్లగా, మర్యాదగానే చెప్పి చూశాను. అవునమ్మా అవునమ్మా అని తలూపి, నేను గడప దాటగానే మాత్రల పొట్లం గూట్లో పడేసేవాళ్లు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, మా ఊళ్లో మాత్రం తిరకాసు, వినేవాళ్లకే నేను లోకువ. అందుకని భయం కలపడం నేర్చుకున్నాను. దానివల్ల నిలబడ్డ ప్రాణాలున్నాయి, ఆ మాట దాచుకోను. కానీ ఎల్లేశ్ ఇంట్లో ఆ చిటికెడు ఏం చేసిందో రాయకపోతే నాకు తిన్నది అరగదు.

నా పేరు సారమ్మ. మొయినాబాద్ దాటి చేవెళ్ల పోయే దారిలో, పెద్ద రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే మా ఊరు. ఎల్లేశ్ మా ఊరివాడే, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. ఎకరమున్నర చెలకలో టమాటా, క్యారెట్ వేసేవాడు. కానీ ఊరు అతన్ని గుర్తుపెట్టుకున్నది పంటలతో కాదు. మండలం నుంచి సర్వేయరు వస్తే కొలత గొలుసు రెండో కొస పట్టేది ఎల్లేశే. అంతకుముందు వాళ్ల నాన్న పట్టేవాడు. ఊరి హద్దురాళ్లన్నీ అతనికి చుట్టాల పేర్లు తెలిసినట్టు తెలుసు. రెండు పొలాల మధ్య గెట్టు దగ్గర తగవు వచ్చిందంటే, సర్వేయరు కంటే ముందు అతనికే కబురు పోయేది.

అతని పద్ధతి ఒకటుంది. ముందు రెండు పక్షాలనూ సమానంగా తిట్టేవాడు. ఆ తిట్లు వినడానికి జనం పని మానుకుని వచ్చేవాళ్లు. తర్వాత రాయి కింద తవ్వించేవాడు. పాతకాలపు మనుషులు హద్దురాయి పాతేటప్పుడు కింద గుప్పెడు బొగ్గులు పోసేవాళ్లు. బొగ్గు మట్టిలో కుళ్లిపోదు. బొగ్గు కనిపిస్తే రాయి తన చోట ఉన్నట్టు, లేకపోతే ఎవరో జరిపినట్టు. అప్పటికీ ఎవడైనా గొణిగితే, అదే చెలకలోంచి మట్టిపెడ్డ తీసి నెత్తిన పెట్టుకుని, చెప్పులు విడిచి గెట్టు పొడుగునా నడిచేవాడు. నెత్తిన భూమిని పెట్టుకుని అబద్ధమాడితే వంశం నిలవదని మా దగ్గర నమ్మకం. అతను నడిచిన గీతే గెట్టు. కోర్టుల చుట్టూ తిరిగిన వాళ్లు కూడా చివరికి ఆ గీత దగ్గరికే వచ్చారు.

అంత నోటికి సరిజోడు అతని భార్య అనసూజ. పప్పులో ఉప్పెక్కువైందని అతను మొదలుపెడితే, మీ అమ్మ చేతి వంట తిని పెరిగినవాడివి నీకు రుచులేం తెలుసని ఆమె అందుకునేది. అతను ఆమె అన్నదమ్ముల మీదికి పోతే, ఆమె అతని ముత్తాతల దాకా పోయేది. పెళ్లయిన పదేళ్లకు ఒక్కగానొక్క కూతురు పూజిత పుట్టినప్పుడు కూడా, ముక్కు ఎవరి పోలికన్న దాని మీద కాన్పు గదిలోనే తగువాడుకున్నారు. నేనే ఇద్దరినీ కసిరాను. అరిచి అరిచి అలసిపోయాక కలిసి కూర్చుని చాయ్ తాగేవాళ్లు. వాళ్ల గొంతులు వినిపించని రోజున పక్కింటి వాళ్లు వచ్చి, ఊరికి పోయారా ఏమిటని తొంగిచూసేవాళ్లు.

తొంభై తొమ్మిదిలో, మిరుగు కార్తె దాటి వానలు పడ్డాక, ఒక గెట్టు మీద అరుస్తున్నవాడు అరుస్తున్నట్టే ఆగిపోయి వెనక్కి విరుచుకుని పడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. పక్క వాడకట్టులో పిల్లలకు సూదులు వేస్తున్న నాకు కబురొచ్చి పరిగెత్తాను. నేను పోయేసరికి అతని గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టి నలుగురు నొక్కి పట్టుకున్నారు. గుత్తి విసిరేసి, నోట్లో గుడ్డ కుక్కబోతున్నవాడిని మోచేత్తో నెట్టి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ఫిట్స్ ఆగాయి. రెండో రోజు అతన్ని, అనసూజను మెహిదీపట్నం బస్సెక్కించి, నేను కూడా వెంట వెళ్లాను. నగరంలో ఒక పెద్ద దవాఖానలో తలకు రకరకాల స్కానింగులు తీశారు.

అక్కడి డాక్టరు ఓపికమంతుడు. నల్లటి ఫిల్మును దీపానికి ఎత్తిపట్టి చూపించాడు. మెదడు లోపల, బాగా కింద, వానపాముల ఉండలాంటిది కనిపించింది. మామూలుగా గుండె నుంచి జోరుగా వచ్చే రక్తం వెంట్రుకల్లాంటి సన్నటి నాళాల్లో పడి, నెమ్మదించి, అప్పుడు తిరుగుదారి పట్టే సిరల్లోకి చేరుతుందట. ఎల్లేశ్‌కు పుట్టుకతోనే అక్కడ ఆ సన్నటి నాళాలు లేవు. జోరు రక్తం నేరుగా పలచటి సిరల్లోకి దూకుతోంది. మోటారు పైపును తిన్నగా మడి కాలువలో పెడితే గట్టు ఎన్నాళ్లు ఆగుతుందో తెలియదు కదా, అలాగన్నమాట. ఆ ముడి చిట్లితే మెదడులో రక్తం కారుతుంది. మనిషి పోవచ్చు, చేయీ కాలూ పడిపోవచ్చు. కోసి తీద్దామంటే అది ఉన్న చోటు మంచిది కాదు, కత్తి వల్ల నష్టమే ఎక్కువ. కిరణాలతో మాడ్చే వైద్యం దాని సైజుకు సరిపడదు. ఇంతవరకు చిట్లలేదు కాబట్టి ముట్టుకోకపోవడమే మేలన్నాడు.

ఎంత ప్రమాదమని నేనే అడిగాను. ఇలాంటి ముడి ఉన్నవాళ్లు నూరుగురుంటే, ఏడాదిలో ఇద్దరికో ముగ్గురికో చిట్లుతుంది, మిగతావాళ్లకు ఆ ఏడాది ఏమీ కాదు, పై ఏడాది మళ్లీ అదే లెక్క అన్నాడు. ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు. బీపీ పెరగకుండా నెలనెలా చూపించుకోవాలి. చెట్లెక్కడం, ఒంటరిగా బావిలో దిగడం కూడదు. ఒళ్లునొప్పులకు దుకాణంలో దొరికే మాత్రలు అడక్కుండా మింగొద్దు. ఏడాదికోసారి వచ్చి కనిపించాలి. ఆయన చెప్పింది ఇంతే. అక్షరం పొల్లుపోకుండా నాకిప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆయన చెప్పనిది చెప్పింది నేను.

బయట వరండాలో అనసూజ నా కొంగు పట్టుకుంది.

"ఇద్దరు ముగ్గురంటె, మా ఆయ్న అండ్ల ఉన్నడా లేడా సిస్టరమ్మా?"

ఈ ప్రశ్నకు జవాబు డాక్టరు దగ్గరే లేదు, ఇక నా దగ్గర ఎక్కడిది? తెలియదు అని చెప్పాల్సింది. కానీ తెలియదు అనడం మా ఉద్యోగంలో మాకెవరూ నేర్పలేదు. పైగా ఆ ముందు ఏడే మా చర్చికి వచ్చే పేతురు, ఫిట్స్ తగ్గాయి కదా అని మాత్రలు మానేసి, బావిగట్టు మీద పడి నీళ్లలోకి జారిపోయాడు. శవాన్ని తీసినప్పుడు నేనక్కడే ఉన్నాను. వీళ్లు కూడా మానేస్తారన్న భయం నాది. నా భయంలోంచే చిటికెడు తీసి ఆమెకిచ్చాను.

"ఉన్నడనే అనుకో. మాత్ర ఒక్క పూట తప్పొద్దు. కోపం తెప్పియ్యొద్దు, ఎదురు మాట అనొద్దు. రక్తం పొంగిందంటె నరం పుటుక్కున తెగుతది, గంతే."

మాత్ర సంగతి ఒక్కటే డాక్టరుది. మిగతాదంతా నా చేతి చలవ. అనసూజ నా మొహంలోకి చూసి, కొంగు వదిలేసి, సరే అంది. జీవితంలో ఒక్క మాటకు వెంటనే సరే అనని మనిషి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి పుణ్యాన ఊరంతా ఒక మనిషి పట్ల అతిమంచిదైపోయింది. అనసూజ ముందు తన నోరు కుట్టుకుంది, తర్వాత వాడకట్టు నోరు కుట్టింది. ఎల్లేశ్ వస్తుంటే గొడవ పడుతున్నవాళ్లు మాట మార్చేవాళ్లు. గెట్టు తగవులకు పిలవడం మానేశారు. బావి ఉందని, ఎండ అని చెలక వైపు పోనిచ్చేది కాదు అనసూజ. సేద్యం తనే చేసుకుంటూ, ఇంటి ముందు చిన్న కిరాణా డబ్బా పెట్టించి అతన్ని అందులో కూర్చోబెట్టింది. కూర చేదుగా ఉందన్నా అవునంది, తియ్యగా ఉందన్నా అవునంది. పూజిత ఏడుపొస్తే ఇంటి వెనక్కి పోయి ఏడ్చేది. బడిలో లెక్కలు తప్పినా, మోకాలు చిట్లినా నాన్నకు తెలియకూడదు. ఆ పిల్ల అయిదో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా నాన్న చేత ఒక్క తిట్టు తినలేదు. అదేదో గొప్ప అదృష్టంలా నేను నలుగురికీ చెప్పుకునేదాన్ని.

ఒక బేస్తవారం నాడు ఎల్లేశ్ చాయ్ హోటల్ దగ్గర కావాలనే, ఇవాళ శుక్రవారం కదా అన్నాడట. అక్కడున్న నలుగురూ అవును శుక్రవారమే అన్నారట. వాళ్లలో అంజయ్య ఇంకో అడుగు ముందుకేసి, నిన్న బేస్తవారం పోయింది కదా అన్నాడట. ఎల్లేశ్ చాయ్ గ్లాసు సగంలో పెట్టి లేచిపోయాడు. అంజయ్య నాకీ సంగతి చెప్పి, తెలివిగా గండం తప్పించాం చూశావా సిస్టరమ్మా అన్నట్టు నవ్వాడు. నేను కూడా నవ్వాను. సిగ్గులేకపోతే సరి.

నెలకోసారి బీపీ మిషను సంచిలో వేసుకుని వాళ్లింటికి పోయేదాన్ని. పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, నూట ఇరవై, ఎనభై అని చదివి మురిసిపోయేదాన్ని. ఒకసారి పట్టీ విప్పుతుంటే అతను నా చెయ్యి ఆపాడు.

"ఊళ్లె కుక్క సుత నన్ను జూసి మొరుగుతలేదక్కా," అన్నాడు.

మొరగకపోతే నీకొచ్చిన నష్టమేమిటి, నూట ఇరవై ఎనభై ఎవరికుంది ఈ వయసులో అని కోప్పడ్డాను. అలా కోప్పడినందుకే కాబోలు, అతను నవ్వి ఇంకో చాయ్ తాగిపొమ్మన్నాడు. నేను వెళ్లే రోజు కోసం అతను ఎదురుచూసేవాడని తర్వాత పూజిత చెప్పింది.

రెండువేల నాలుగు, అయిదు వచ్చేసరికి మా వైపు నేల మనిషికి తెలియకుండా మారిపోయింది. గండిపేట దాటి ఆదివారాలు కార్లు బారులు తీరేవి. అజీజ్‌నగర్‌లో వరి కోసినవాళ్లు అదే మడిలో లేచిన ఫారంహౌజులకు వాచ్‌మన్లు, తోటమాలులు అయ్యారు. హైటెక్ సిటీలో కంప్యూటర్ల ముందు కూర్చునే సార్లు వచ్చి, చెలక మధ్యలో నిలబడి, ఇక్కడ గాలి బాగుందని కొనుక్కుపోయారు. గాలి సంగతేమో గానీ హద్దురాళ్లకు కాళ్లొచ్చాయి. పొద్దున ఒక చోట ఉన్న రాయి వారానికల్లా ఇంకో చోట ఉండేది. ఎల్లేశ్‌ను పిలుద్దామా అని ఎవరైనా అంటే, పాపం అతని తలకాయకేమైనా అయితే అనేవాళ్లు. ఆ పాపం కొందరిది దయ, కొందరిది తెలివి.

రెండువేల ఆరు ఎండాకాలంలో ఎల్లేశ్ చెలక పక్క భూమి కూడా ఒక సారు కొన్నాడు. ఆ సారును మేమెవరమూ చూడలేదు. మేనేజరొకడు వచ్చి ప్రహరీ గోడకు పునాది తవ్వించడం మొదలుపెట్టాడు. ఆ కందకం ఎల్లేశ్ చెలకలోకి నాలుగు గజాలు చొచ్చుకొచ్చింది. హద్దురాయి కూడా కందకం ఇవతలకు నడిచొచ్చి కూర్చుంది. ఊరంతా చూసింది. ఎల్లేశ్‌కు మాత్రం తెలియదు. ఈ ఏడు చెలక పడావు పెట్టినం, పంటేం వెయ్యలే, నువ్వు పోయే పనిలేదని అనసూజ అతనికి చెప్పింది.

పగలంతా ఆమె చెలకలోనే ఉండేది. మేనేజరును బతిమాలింది, తిట్టింది, కందకంలో దిగి కూర్చుంది. వాడు నవ్వి, కాయితాలు తెమ్మన్నాడు. సాయంత్రం మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఇంట్లోకి నవ్వుతూ పోయేది. మింగలేక కక్కలేక ఆమె పడ్డ బాధ నాకు తెలుసు, ఎందుకంటే నా దగ్గరికి వచ్చి చెప్పుకునేది. నేనేమన్నాను? మంచి పని చేస్తున్నావు, అతనికి తెలియనీయకు అన్నాను. మెడ వెనక నుంచి తల గుంజుతున్నదని రెండుమూడు సార్లు అంది. ఎండలో తిరిగితే గుంజక ఏం చేస్తుందని, జ్వరం మాత్రలు నాలుగు చేతిలో పెట్టి పంపాను.

చివరికి చెప్పింది పూజిత. పన్నెండేళ్ల పిల్ల, కిరాణా డబ్బా ముందు నిలబడి, ఎవరూ అడగకుండానే అన్నదట: "బాపూ, అమ్మ రోజు చెలకల ఏడుస్తున్నది." ఆ మాట అనేసి, నాన్న అక్కడికక్కడే పడి చచ్చిపోతాడని కళ్లు గట్టిగా మూసుకుందట. కళ్లు తెరిచేసరికి డబ్బాలో నాన్న లేడు.

ఎల్లేశ్ చెలక చూసి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేను పోయి అడుగుతా, తెగితే తెగనీ అన్నాడు. వచ్చే వారం ఏడాది చూపించుకునే రోజు ఉంది, ఒక్క వారం ఆగు, డాక్టరు సరేనంటే పో అని కాళ్లావేళ్లా పడ్డాను. గడువు దొరికింది కదా, డాక్టరు ఎలాగూ వద్దంటాడు, అప్పుడు నా మాట నిలబడుతుందనుకున్నాను. ఏడేళ్లు చెప్పగా చెప్పగా, అది డాక్టరు మాటేనని నేను కూడా నమ్మేశాను.

దవాఖానలో అదే డాక్టరు, జుట్టు తెల్లబడింది. కొత్త ఫిల్మును పాత ఫిల్ము పక్కన పెట్టి చూసి, ముడి అలాగే ఉంది, ఎక్కడా రక్తం కారిన గుర్తు లేదు, సంతోషం అన్నాడు. ఎల్లేశ్ చేతులు కట్టుకుని అడిగాడు.

"కోపమొస్తె గది తెగుతదా సార్?"

ఎవరు చెప్పారు మీకని డాక్టరు ఆశ్చర్యపోయాడు. ఎల్లేశ్ నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే అతను నా మీద చూపిన మొదటి దయ.

డాక్టరు వివరంగా చెప్పాడు. నిద్రపోతున్నవాళ్లకు చిట్లింది, అన్నం తింటున్నవాళ్లకు చిట్లింది. ఒకసారి చిట్లినవాళ్లకు మళ్లీ చిట్లే ప్రమాదం ఎక్కువ, ముడి లోతుగా ఉన్నవాళ్లకు కొంచెం ఎక్కువ. అంతకుమించి ఎవరికి ఎప్పుడన్నది మాకు తెలియదు. బీపీ అదుపులో ఉంచుకోండి, మాత్ర మానకండి. కోపం రాకుండా బతికే మనిషి ఎక్కడైనా ఉన్నాడా అని నవ్వాడు. తెలియదు అన్న మాట ఆయన నోట ఎంత సులువుగా వచ్చిందో! నా నోట వచ్చి ఉంటే ఏడేళ్లు మిగిలేవి.

తిరుగు బస్సులో ఎల్లేశ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. అజీజ్‌నగర్ దగ్గర బస్సు ఆగినప్పుడు, బయటికి చూస్తూనే ఒక్క మాటన్నాడు.

"ఏడేండ్లక్కా."

నాకు ఏడుపొచ్చింది. బస్సులో నలుగురు చూస్తారని ఆపుకున్నాను.

మర్నాడు పొద్దున అతను గడ్డపార భుజాన వేసుకుని చెలకకు పోయాడు. ఊరు వెనకాలే పోయింది, నేనూ పోయాను. మందుల సంచి తీసుకెళ్లాను, ఆ సంచిలో అక్కరకొచ్చేది ఏదీ లేదని తెలిసినా. అనసూజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎల్లేశ్ ముందు కొత్తగా వచ్చిన రాయి కింద తవ్వాడు. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. కందకం దాటి అవతల, వాళ్ల నాన్న చూపించిన చోట తవ్వాడు. మూరెడు లోతులో గుప్పెడు బొగ్గులు బయటపడ్డాయి. వాటిని అరచేతిలో పోసుకుని మేనేజరు ముక్కు కింద పెట్టి, ఏడేళ్లుగా దాచిపెట్టిందంతా వదిలాడు. అబ్బ, ఏం తిట్లు! మేనేజరునే కాదు, చూస్తూ ఊరుకున్న ఊరినీ వదల్లేదు. అంజయ్యను పేరు పెట్టి పిలిచి, ఇయ్యాల ఏ వారమో చెప్పరా అన్నాడు. అంజయ్య తల వంచుకుని, మంగళారమన్నా అన్నాడు. మంగళవారమే. తర్వాత మట్టిపెడ్డ నెత్తిన పెట్టుకుని, చెప్పులు విడిచి గెట్టు పొడుగునా నడిచాడు.

మేము మట్టిపెడ్డను చూడలేదు, దాని కింది తలను చూశాం. పడతాడు, ఇప్పుడు పడతాడు అనుకుంటూ ఊరంతా ఊపిరి బిగబట్టింది. అతను చివరి దాకా నడిచి, పెడ్డను కింద పెట్టి, దాహమేస్తున్నది నీళ్లియ్యి అన్నాడు అనసూజతో. మేనేజరు ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. రెండు రోజులకు కందకం పూడ్చి నాలుగు గజాలు వెనక్కి పోయారు.

గండం గడిచిందనుకున్నాను. మనసు తేలికైంది. వాళ్లింటికి పోయి అనసూజకు దగ్గరుండి చెప్పాను, ఇక నువ్వు హాయిగా కొట్లాడుకోవచ్చు, నేనన్నదంతా తప్పు అని. ఆమె తలూపింది గానీ నమ్మలేదు. ఏడేళ్లు పాతుకున్నది ఒక్క మాటతో ఊడి వస్తుందా? అతను కావాలని పప్పుకు వంక పెట్టేవాడు, ఆమె నవ్వి ఊరుకునేది. నిద్రలో అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదట. అలా పన్నెండు రోజులు గడిచాయి.

పదమూడో రోజు పొద్దున జొన్నరొట్టె కొడుతూ, అనసూజ పక్కకు ఒరిగిపోయింది. కుడిచెయ్యి పిండిలోనే ఉంది. మాట లేదు. నేను పోయి పట్టీ చుట్టి చూస్తే రెండువందల ఇరవై, నూట ముప్పై. నా కళ్లను నేను నమ్మక మళ్లీ చూశాను. అదే.

దవాఖానలో తలకు స్కానింగ్ తీశారు. మెదడులో రక్తం కారింది. ముడి లేదు, పుట్టుకతో వచ్చిన లోపం ఏదీ లేదు. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉండి, ఎవరూ చూడక, మంచి నరమే చిట్లింది. ఈమెకు బీపీ ఎప్పటి నుంచి అని డాక్టరు అడిగాడు. ఎవరికీ తెలియదు. ఎప్పుడైనా చూపించారా అన్నాడు.

పూజితకు సూదులన్నీ అయిపోయాక అనసూజ పేరు నా రిజిస్టర్లోంచి పోయింది. కాన్పుల వాళ్లను, పిల్లలను చూడడం నా డ్యూటీ. కానీ ఆ ఇంటికి డ్యూటీ కాకపోయినా పోయాను కదా, ఏడేళ్లు, నెలనెలా, చేతిలో మిషనుతోనే. పట్టీ విప్పాక చాయ్ గ్లాసు అందించిన చెయ్యి ఆమెదే. తల గుంజుతున్నదని నాకే చెప్పింది. దీపం కింద చీకటంటే అదే.

వరండాలో ఎల్లేశ్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఏడేళ్ల కింద అనసూజ నా కొంగు పట్టుకున్నదీ ఆ వరండాలోనే.

"నెలనెల వచ్చి నా చేతికి కట్టినవ్. దాని చేతికి ఒక్కనాడన్న కట్టినవా అక్కా?"

అతను ఇంకా అరిచాడు. దవాఖానలో అందరూ తిరిగి చూసేటట్టు అరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి. ఎవరో వచ్చి, మెల్లగా మాట్లాడండి, ఆయనకు మంచిది కాదు అన్నారు. వద్దు, అరవనివ్వండి అన్నాను నేను. ఆ తిట్లన్నీ నావే, ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

అనసూజ బతికింది. కుడిచెయ్యి రాలేదు, కాలు ఈడుస్తూ నడిచేది. మాట పోయిందనుకున్నాం. రెండు నెలలు ఏ మాటా లేదు. కూతురి పేరు అడిగితే పెదాలు ఆడించేది, పేరు వచ్చేది కాదు, కళ్లలో నీళ్లొచ్చేవి. ఒకరోజు ఎల్లేశ్ ఎడమచేత్తో అన్నం కలిపి పెట్టబోతే ఆమె తల అటు తిప్పుకుని, స్పష్టంగా, "సచ్చినోడా, చెయ్యి మార్చు" అంది. ఇంట్లో అందరం కొయ్యబారిపోయాం. ఇలాంటివాళ్లకు ఆలోచించి అనే మాటలు పోయినా, అలవాటుగా నోటికి వచ్చే తిట్లు ఒక్కోసారి మిగులుతాయని డాక్టరు తర్వాత చెప్పాడు. అనసూజకు అవే మిగిలాయి. సచ్చినోడా, నీ మొకం మండ, మీ అమ్మ గిట్లనే నేర్పిందా. ఏడేళ్లు లోపల దాచినవి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఎల్లేశ్ ఒక్కదానికీ ఊరుకోలేదు, ప్రతిదానికీ రెండు అప్పజెప్పాడు. పక్కింటి వాళ్లు మళ్లీ గోడ మీంచి తొంగిచూడడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నేను రిటైరై చాలా ఏళ్లయింది. పూజితకు గచ్చిబౌలిలో ఉద్యోగం, శనివారాలు వచ్చి ఇద్దరితోనూ కొట్లాడిపోతుంది. ఎల్లేశ్‌కు అరవై దాటాయి. తలలో ముడి అలాగే ఉంది. ఏడాదికోసారి చూపించుకుంటాడు, ఏడాదికి నూటికి ఇద్దరు ముగ్గురన్న లెక్క అలాగే ఉంది. ఇంతవరకు అతను వాళ్లలో లేడు. రేపటి సంగతి తెలియదు.

మిషను మాత్రం నేను సొంతంగా కొనుక్కున్నాను. నెల మొదటి వారం ఇప్పటికీ పోతాను. గడపలో కాలు పెట్టగానే ఎల్లేశ్, ముందు దానికి అంటాడు. అనసూజ ఎడమచెయ్యి చాపి, ఇంత ఆలస్యమేమిటన్నట్టు నన్నొక తిట్టు తిడుతుంది. పట్టీ చుట్టి, బుడ్డి నొక్కి, ఆమెది చదువుతాను, నూట నలభై, తొంభై అని. అతనిది చదువుతాను. మంచిదా చెడ్డదా అని ఇద్దరూ నా మొహంలోకి చూస్తారు. మాత్ర మానొద్దని చెప్పి, ఇంకేమీ కలపకుండా, పట్టీ మడిచి సంచిలో పెట్టుకుంటాను.